ఆ తాళాలు ఏ పెట్టెవో అడిగినావా?

ప్రశ్న: అమ్మా, నమస్కారం. మాది ఆదోని. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని, మా ఆయన జిన్నింగు మిల్లులో లెక్కలు రాస్తాడు. ఏడాదిగా ఫోన్లో ఒక కథల యాప్‌లో సీరియల్ రాస్తున్నాను. బాగానే చదువుతున్నారు. అందులో కోడల్ని రాచి రంపాన పెట్టే అత్త ఉంది. తాళాలగుత్తి కొంగుకు కట్టుకుని, నూనె డబ్బా కూడా అల్మారాలో పెట్టి తాళం వేస్తుంది. మా అత్తకూ ఆ అలవాటుంది. మా ఆడబిడ్డ కూతురు ఆ సీరియల్ చదివి వాళ్ల అవ్వకు వినిపించింది. మా అత్త గొడవ చెయ్యలేదు. "తాళాలు కొంగుకు కట్టుకుంటానని రాసినావంట కదా" అని ఒక్క మాట అంది. ఆ రోజు నుంచి నేను వంటింట్లోకి వస్తే ఆమె బయటికి పోతుంది. చదివేవాళ్లేమో "ఈ ముసల్దాన్ని చంపెయ్యండి" అని కామెంట్లు పెడుతున్నారు. మా ఆయన రాయడం మానెయ్యమంటాడు. ఇంట్లోవాళ్లను నొప్పించకుండా పాత్రల్ని ఎట్ల పుట్టించాలి? నా హీరో మరీ మంచోడైపోతున్నాడని కూడా కొందరంటున్నారు. మీరు ఇన్ని నవలలు రాసి, ఇల్లు నడుపుకుని, ఇంత నిమ్మళంగా ఎట్ల ఉన్నారు? కలం పేరు పెట్టుకుంటే మంచిదా? మూడు భాగాలు పంపిస్తున్నాను, చూడండి. నేను మీ కూతురు వయసుదాన్ని, నువ్వు అనే అనండి.
— ఒక పాఠకురాలు, ఆదోని

సమాధానం: అమ్మా, ముందు ఒక మాట చెప్పేసి తర్వాత తీరిగ్గా మాట్లాడతా. రాయడం మానొద్దు. పంపిన భాగాలన్నీ చదివినాను. మూడో భాగంలో కోడలు స్కూలు నుంచి వచ్చి బస్టాండులో దిగి, ఇంటికి పోవడానికి మనసొప్పక, చెప్పులు కుట్టే ముసలాయన దగ్గర తెగని చెప్పు తీసిచ్చి కుట్టించుకుంటుంది చూడు, ఆ ముక్క రాసిన చెయ్యి ఊరికే పోగొట్టుకునే చెయ్యి కాదు. తెగని చెప్పుకు ఆయన రెండు కుట్లు వేసి, ముఖం కూడా చూడకుండా డబ్బులొద్దనడం ఇంకా బాగుంది.

అదే చెయ్యి రెండో భాగంలో ఏం రాసిందో చూడు. "అత్త నూనె డబ్బా అల్మారాలో పెట్టి తాళం వేసింది. ఆమె కళ్లల్లో విషం తొణికింది. కోడలు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది." తాళం వెయ్యడం నువ్వు చూసిందే. విషం నువ్వు కలిపింది. నూనె డబ్బాకు తాళం వేసే మనిషి కళ్లల్లో మామూలుగా ఉండేది లెక్క. నెలాఖరుకు ఎన్ని రోజులుంది, డబ్బాలో ఎంతుంది, పండక్కి కూతురొస్తే బజ్జీలకు చాలుతుందా అని. బస్టాండులో ఆ ముసలాయన్ని అంత ఓపిగ్గా చూసినదానివి, ఇంట్లో పొద్దస్తమానం ఎదురుగా తిరిగే మనిషి దగ్గరికొచ్చేసరికి చూడటం మానేసి తీర్పు రాసేసినావు. ముసలాయనతో నీకు పేచీ లేదు, అదీ సంగతి.

పేచీలో గెలవడానికి రాసిన పాత్ర బతకదమ్మా. ఇన్నేళ్ల రాతలో నేను గట్టిగా నమ్మేది ఇదొక్కటే. ఇంట్లో నోరు మెదపలేకపోయిన రోజు రాత్రి ఫోన్ తీస్తాం. అక్కడ మాట్లాడేదంతా మనమే, అవతలి మనిషికి మాట ఇవ్వం. ఇచ్చినా వింటేనే ఛీ అనిపించే మాట ఇస్తాం. చదివేవాళ్లకు ఆ పూటకు కసి తీరుతుంది, చంపెయ్యమని రాస్తారు. ఆర్నెల్లు పోతే ఆ అత్త వాళ్లకు గుర్తుకూడా ఉండదు. అందుకని నేనొక పద్ధతి పెట్టుకున్నా. జగడం ఏది రాసినా, అందులో అందరికంటే పదునైన మాట నాకు గిట్టని పాత్రకే ఇస్తా. నువ్వు కోడలి పక్షమైతే, అత్త అనే మాటకు కోడలి దగ్గర జవాబు ఉండకూడదు. జవాబు లేని కోడలు అప్పుడేం చేస్తుందో రాయి. కథ అక్కడ కదలడం మొదలుపెడుతుంది.

ఇంతకీ ఆ తాళాలు ఏ పెట్టెవో ఎప్పుడైనా అడిగినావా? మీ అత్తకు అరవై దాటి ఉంటాయనుకుంటా. ఆ వయసు ఆడవాళ్లు మన పడమటి మండలాల్లో ఏం చూసి పెరిగినారో నీకు నేను చెప్పక్కర్లేదు. కోసిగి, మంత్రాలయం పక్క పల్లెల్లో పంట చేతికి రాని ఏడు ఇప్పటికీ ఇళ్లకు తాళాలేసి సుగ్గికి పోతారు. మిరపకాయలు కొయ్యడానికి గుంటూరు పక్కకు, పిల్లల్ని కూడా వెంటబెట్టుకుని. బళ్లో బెంచీలు ఎట్ల ఖాళీ అవుతాయో టీచరమ్మవు, నాకంటే నీకే బాగా తెలుసు. ఊళ్లో మిగిలేది ముసలివాళ్లు, పెట్టెలో ఇన్ని జొన్నలో కొర్రలో. పోయినవాళ్లు తిరిగొచ్చేదాకా ఆ గింజలు ఉండాలంటే ఎవరో ఒకరు తాళంచెవి నడుముకు కట్టుకోవాలి, చెయ్యి చాపిన ప్రతి బిడ్డకూ లేదు పొమ్మనాలి. మీ అత్త అట్లాంటి ఇంటి నుంచి వచ్చిందని నేననడం లేదు. షావుకారు ఇంటి బిడ్డే అయ్యుండొచ్చు. ఆ తాళాలు వాళ్లత్త చేతిలోంచి ఇరవై ఏళ్లు కాచుకుని కాచుకుని పుచ్చుకున్నవి అయ్యుండొచ్చు. లేకపోతే మామ తాగి ఇల్లు గుల్ల చేసిన కాలంలో మొదలైన అలవాటేమో. ఒకే కప్పు కింద ఉండే నువ్వు కనుక్కోకుండా రాస్తే, చదివేవాళ్లకు మిగిలేది విషమే.

నీ సన్నివేశాన్నే నేనైతే ఎట్ల రాస్తానో చూపిస్తా. ఇది నా పైత్యం, నువ్వు ఇట్లనే రాయాలని కాదు.

"అత్త అల్మారా తెరిచి నూనె డబ్బా దించింది. బాణలిలోకి వంచింది. ఇంక చాలని తనే అనుకుని డబ్బా నిలబెట్టింది. మూతి మీద ఒక బొట్టు జారబోతుంటే చూపుడువేలితో తుడిచి, ఆ వేలు నెత్తికి రాసుకుంది. 'ఇంకొంచెం పొయ్యి అత్తా, ఉగ్గాణి గొంతు దిగదు' అంది కోడలు. 'నాలుగు నీళ్లు చల్లు' అంది అత్త, తాళం వేస్తా."

దీంట్లో విషం లేదు, ఏడుపూ లేదు. నూనెబొట్టు నెత్తికి రాసుకున్న ఆడమనిషిని చంపెయ్యమని ఎవరూ కామెంటు పెట్టరు. అట్లని ఆమె దేవతా కాలేదు. కోడలి మాట వినలేదు, తాళమూ వేసింది. కోడలికి ఒళ్లు మండుతుంది, చదివేవాళ్లకూ మండుతుంది. కానీ ఆ వేలు గుర్తుండిపోతుంది. ఒక పాత్రకు అట్లాంటి పని ఒక్కటి దొరికితే పేజీల కొద్దీ వర్ణన అక్కర్లేదు. అది కుర్చీలో కూర్చుని ఆలోచిస్తే దొరికేది కాదు, పక్కన నిలబడి పని చేస్తుంటే కంటబడేది. ఇప్పుడేమో నువ్వొస్తే ఆమె వంటింట్లోంచి లేచిపోతోంది. కోడలిగా సంగతి అటుంచు, రాసే మనిషిగా కూడా నీకిది నష్టమే.

మనిషి గుణానికి ఒక్క పేరు పెట్టి మూత వెయ్యలేమని నాకు ఎప్పుడు తెలిసిందంటే, 2009 వరదల్లో. అక్టోబరు 2, గాంధీ జయంతి సెలవు. తుంగభద్రా హంద్రీ రెండూ కర్నూలు ఊళ్లోకి వచ్చేసినాయి. మా వీధిలో ఉన్న ఒక్క మేడ మీదికి వీధి వీధంతా ఎక్కినాం. చేతికందింది పట్టుకుని పరిగెత్తినాం గనక, ఎవరి చేతిలో ఏముందో చూడటమే నాకు పనైంది. ఒక గుమాస్తా ఇస్త్రీ పెట్టె తెచ్చుకున్నాడు. ఎందుకు తెచ్చినాడో ఆయనకే తెలీదు, సిగ్గుపడి దానిమీద తువ్వాలు కప్పి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఎవరింట్లో ఏ పని పడినా ముందుండే పెద్దమనిషి ఒకాయన పిట్టగోడ పట్టుకుని, స్కూటరు మునిగిన చోటే చూస్తా నిలబడిపోయినాడు, పలకరిస్తే పలకలేదు.

చింతపండు చేబదులు అడిగితే వేళ్లతో తూచి ఇస్తుందని వీధంతా నవ్వుకునే ఆమె ఒకామె ఉండేది. ఆమె తెచ్చింది బొరుగుల మూట. పొద్దుగూకినాక ఆ మూట విప్పి పెద్దాచిన్నా తేడా లేకుండా మనిషికి పిడికెడు లెక్కన పంచింది. రెండోసారి చెయ్యి చాపిన మా పిల్లోణ్ణి కసిరింది. అర్ధరాత్రి ఒక పిడికెడు, తెల్లవారుజామున ఒక పిడికెడు. పక్కవాడు ఎక్కువ తీసుకున్నాడని ఎవరన్నా అంటే, ఎవరెవరికి ఎన్నిసార్లు ఇచ్చిందో పేర్లతో సహా చెప్పింది. అంత పట్టుగా పంచింది గనకనే అందరికీ తెల్లారేదాకా వచ్చినాయి. ఆ రాత్రి ఆమె మారిపోయి మంచిదైంది అనుకోవద్దు. మేం రోజూ నవ్వుకున్న పిసినారితనమే ఆ రాత్రి మా పిల్లలకు బువ్వ పెట్టింది. నీళ్లు తీసినాక మళ్లీ చింతపండు వేళ్లతోనే తూచింది.

ఆమె తర్వాత నా నవలలోకి వచ్చింది. ఊరు మార్చినాను, వృత్తి మార్చినాను, వరద తీసేసి కర్ఫ్యూ పెట్టినాను, బొరుగుల బదులు పాలపొడి డబ్బా ఇచ్చినాను. ఆమె చదివింది కూడా. "ఇది అచ్చం పక్కింటామేనే" అని నాతోనే నవ్వింది.

నీకు చేతకానిది ఇదే. పేరు మార్చి, మిగతాదంతా ఉన్నదున్నట్టు దించేసినావు. ఊరు ఆదోనే, కోడలు స్కూలు టీచరే, కొంగుకు తాళాలే. ఇంటిల్లిపాదికీ తెలిసిన గుర్తు ఏదైతే ఉందో ముందు దాన్ని తీసెయ్యాలి. గుర్తు పోయినా దాని వెనకున్న భయం నీకు మిగులుతుంది, కావలసింది అదే. ఆ భయాన్ని తీసుకుపోయి ఎమ్మిగనూరులో మగ్గాల ఇంట్లో ఒక మామకు ఇవ్వు. కండెలు చుట్టే కోడలికి నూలు తూకమేసి ఇస్తాడు, చుట్టినాక మళ్లీ తూకమేసి తీసుకుంటాడు. నడక ఇంకొకరిది పెట్టు, మాట మీ స్కూల్లో అటెండరుది పెట్టు. అట్ల ముగ్గురు నలుగురిని కలిపితే గానీ ఒక కొత్త మనిషి లేవడు. మీ అత్తకు చదివి వినిపిస్తే "ఆ మామ దినం కానూ" అని తిడుతుంది, పాపం. ఇంకోటి, ఇంట్లో చల్లారని గొడవను కథలోకి తేవద్దు. మనసు ఆగకపోతే నోటుబుక్కులో రాసి పెట్టుకో. ఏడాది పోయినాక చూస్తే అందులో సగం నీకే నవ్వొస్తుంది, మిగతా సగం పనికొస్తుంది.

వేసిన భాగాల్ని ఏం చెయ్యాలని అడగలేదు గానీ, తిరగరాయి. గురజాడ అప్పారావు గారు 1897లో అచ్చువేసిన కన్యాశుల్కాన్ని అట్లే వదిలెయ్యలేదు, 1909లో దాదాపు కొత్త నాటకంగా తిరగరాసినారు. మనమందరం ఇప్పుడు చెప్పుకునే మధురవాణి ఆ రెండో కూర్పులో పెరిగిన మనిషే. అంత పెద్దాయన పన్నెండేళ్లకు వెనక్కి పోయి దిద్దుకున్నప్పుడు యాప్‌లో ఎడిట్ నొక్కడానికి నీకేం నామోషీ?

నీ హీరో సంగతికొద్దాం. బెంగుళూరులో సాఫ్ట్‌వేరు, ఆరడుగులు, అప్పు లేదు, జలుబు కూడా చెయ్యదు, భార్య ఏడవబోతుంటే ఆమెకంటే ముందే ఆయనకు తెలిసిపోతుంది. నేనూ ఇట్లాంటి మగవాళ్లను బోలెడుమందిని రాసినాను, వాళ్ల పుణ్యాన ఇల్లు కట్టుకున్నాను. అందుకని అందగాణ్ణి రాయొద్దని నీకు చెప్పను. పగలంతా చాకిరీ చేసిన ఆడది రాత్రి ఒక మంచి మగవాడి గురించి చదువుకుని పడుకుంటే ఎవరి సొమ్మేం పోయింది? కాకపోతే ఆ మంచివాడికి జేబుండాలి, ఆ జేబుకో చిల్లుండాలి. ఆదోనిలో పుట్టి పెరిగినాడంటావు, ఇన్ని భాగాల్లో ఒక్కసారన్నా పత్తి రేటు అడగడు. వాళ్ల నాయన ఏం చేస్తాడో రాయలేదు. జీతంలో ఇంటికి ఎంత పంపుతాడు? పంపలేని నెల ఏం అబద్ధం చెప్తాడు?

తొలకరి పడితే జొన్నగిరి, తుగ్గలి పక్క చేలల్లో వజ్రాల కోసం జనం ఎట్ల వంగి నడుస్తుంటారో చూసే ఉంటావు. పెళ్లాం పిల్లల్తో వచ్చి, చద్దిమూట గట్టున పెట్టి, తలెత్తకుండా పొద్దంతా నేల చూస్తారు. పాత్ర మొండికేసినప్పుడల్లా నేను దాన్ని తీసుకుపోయి ఆ చేలో వదులుతా. రాయి దొరికిందనుకో, ఈ మనిషి ముందు ఎవరికి చెప్తాడు, ఎవరికి తెలియకూడదనుకుంటాడు? నీ హీరో అయితే అనాథాశ్రమానికి ఇచ్చేస్తాడు, ఎవరైనా చెప్పగలరు. అదే, బావమరిది కంటపడకుండా లుంగీ మడతలో పెట్టుకుని ఇల్లు చేరి, రాత్రి భార్యకు కూడా చెప్పాలా వద్దా అని చూరు చూస్తా పడుకున్నాడనుకో. అప్పుడు వాడి మీద నాకూ ఇష్టం పుడుతుంది. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట తోలుబొమ్మల వాళ్లది తరతరాల విద్య, వాళ్లకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. రాముడు తెర మీదికొస్తే దండం పెట్టుకుని కునుకు తీసే జనాన్ని లేపి కూర్చోబెట్టడానికి కేతిగాడు, బంగారక్క అనే నవ్వించే బొమ్మలు మధ్య మధ్యలో వస్తారు. నీ సీరియల్లో కేతిగాడు ఎవరు?

విలన్‌కు సుమోలు ఇచ్చినావు. ఆదోనిలో పత్తి మార్కెట్టు పెట్టుకుని సుమోలెందుకమ్మా, తరుగు పేరుతో రైతు బోరెంలో నాలుగు కిలోలు తీసేసి, నవ్వుతా టీ తాగించి పంపే మనిషి చాలడా? సినిమావాళ్లు మనకు తగిలించిన మీసాల్ని మనమే మళ్లీ మొయ్యాలా? మన కడప కేతు విశ్వనాథరెడ్డి గారి కథలు తెప్పించుకుని చదువు. 1996లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది వాటికి. కరువూ కక్షలూ మామూలు కుటుంబాలను ఏం చేస్తాయో అందులో కనబడుతుంది.

కామెంట్లు. నేను వారపత్రికలకు రాసే రోజుల్లో 15 పైసల కార్డు మీద తిట్లు వచ్చేవి, హీరోయిన్‌ని చంపితే పత్రిక కొనమని బెదిరింపులు వచ్చేవి. కానీ ఆ కార్డు నా చేతికి వచ్చేసరికి తర్వాతి వారాల భాగాలు అప్పటికే ప్రెస్సుకు పోయుండేవి. ఏం చెయ్యాలన్నా చెయ్యలేం. ఆ ఆలస్యమే మమ్మల్ని కాపాడింది. నీకట్ల కాదు, నువ్వు పెట్టిన పది నిమిషాలకే చంపమంటారు, నీ చెయ్యి కూడా వేడిమీదే ఉంటుంది. అందుకని నాలుగైదు భాగాలు ముందుగా రాసి దగ్గర పెట్టుకుని, ఆ తర్వాతే ఒకటొకటి వెయ్యి. తిట్టినవాళ్ల మాట విను, ముఖ్యంగా హీరో మరీ మంచోడన్నవాళ్లది. ముసల్దాన్ని చంపమనేవాళ్లు మాత్రం నీ కథ గురించి మాట్లాడటం లేదు, వాళ్లింటి ముసలామె గురించి మాట్లాడుతున్నారు.

నేను నిమ్మళంగా ఉన్నానని ఎవరు చెప్పినారు నీకు? నా హీరోయిన్లను చూసి అనుకున్నట్టున్నావు. మొగుడికి నాలుగు మాటలు చెప్పి మెట్లు దిగి పోయే ఆడవాళ్లను చాలామందిని రాసినాను. ఆ మాటలు కాపీ చేసి గోడకు అంటించుకున్నామమ్మా అని ఉత్తరాలు రాసేవాళ్లు. సంతోషమే. కానీ ఆ మాటలు అక్కడ ఎందుకున్నాయంటే, ఆ వారం భాగం అక్కడ ఆగాలి, వచ్చే వారం పత్రిక అమ్ముడుపోవాలి. మెట్లు దిగినామెకు వచ్చే వారం రూము నేను చూసిపెడతా, ఉద్యోగం నేను ఇప్పిస్తా, జ్వరమొస్తే డాక్టర్ని నేనే పంపిస్తా. గోడకు అంటించుకున్నామెకు ఎవరు పంపిస్తారు? నవలలో మాటలు పట్టుకుని కాపురం నడపొద్దు, నా నవలైనా సరే. ఇల్లు వదలాల్సిన పరిస్థితే వస్తే డబ్బు, చోటు, తోడు చూసుకుని వదలాలి. నీది అట్లాంటి పరిస్థితి కాదని నీ ఉత్తరమే చెబుతోంది.

నా పద్ధతులు వింటే చప్పగా ఉంటాయి. పాలవాడు రాకముందు లేచి రాస్తా, ఇంట్లో అలికిడైతే పెన్ను మూసేస్తా. రాసి సంపాదించింది నా పేరున్న ఖాతాలోనే పడుతుంది. ఇంటికి ఇంతని ఇస్తా, మిగతాది నాది. దీని మీద మొదట్లో మా ఇంట్లో మాటలు నడిచినాయి, తర్వాత ఆగిపోయినాయి. యాప్ నుంచి నీకెంతొస్తుందో రాయలేదు, ఎంత తక్కువైనా నీ ఖాతాలో పడేట్టు చూసుకో. నేను రాసింది ఒక్క ముక్క చదవని స్నేహితురాళ్లున్నారు. సాయంత్రం వాళ్లతో కలిసి కొండారెడ్డి బురుజు పక్కకు నడిచిపోతా. ధరలు, మోకాళ్లు, కోడళ్లు. సాహిత్యం మాటే రాదు, ప్రాణానికి హాయిగా ఉంటుంది. అన్నట్టు, ఫోన్లో వంగి రాస్తే మెడ పట్టేస్తుంది. ఫోనుకు తగిలించుకునే చిన్న కీబోర్డులు దొరుకుతాయి, ఒకటి కొనుక్కో.

మీ ఆయన మానెయ్యమన్నాడని ఆయన మీద కోపం పెట్టుకున్నట్టు కనబడుతోంది. రోజంతా మిల్లులో బేళ్ల లెక్క రాసి, తలలో పత్తి నుసితో ఇంటికొస్తే, అమ్మ ఒక గదిలో, పెళ్లాం ఒక గదిలో, ఇద్దరికీ మధ్య అన్నం గిన్నె. సీరియల్ ఆగితే ఇది ఆగుతుందనుకుంటున్నాడు. ఆగదని ఆయనకు నెమ్మదిగా చెప్పు. ఆయన్ని నీ హీరోతో పక్కపక్కన పెట్టి చూస్తున్నావేమో, అదొక్కటి నీకు నువ్వు నిజం చెప్పుకో. ఆ హీరో నీ మాట వింటున్నాడంటే వినమని నువ్వు రాసినావు కాబట్టి వింటున్నాడు. ఆ చెప్పులు కుట్టే ఆయన దగ్గర నిలబడిన ఓపిక ఉంది చూడు, అందులో కొంచెం మీ ఆయన అన్నం తినేటప్పుడు ఆయన ఎదురుగా కూర్చుని ఖర్చు పెట్టు.

మీ అత్తకు "అదంతా కల్పితం అత్తా" అని చెప్పొద్దు. ఆమెకు చదువు రాకపోవచ్చు, తెలివి లేదా? సీరియల్ మొత్తం తీసేసి ఆ సంగతి ఇంట్లో అందరికీ వినబడేట్టు చెప్పొద్దు, అది ఇంకో నాటకం. ఇంకో సంగతి కూడా ఆలోచించు. చదివి వినిపించేవాళ్లు తమ మాటలు రెండు కలిపే వినిపిస్తారు, ఆమె విన్నది నువ్వు రాసిందేనని ఏం నమ్మకం? ఎవరూ లేని మధ్యాహ్నం, ఆమె కందులో బియ్యమో చెరుగుతుంటే చేట పక్కన కూర్చో. "అవునత్తా, నీ తాళాలే రాసినా. నిన్నొక మాట అడక్కుండా రాసినా. తప్పే" అను. అంతే. దానికి తోక తగిలించొద్దు, కామెంట్ల గురించి చెప్పొద్దు, చదివేవాళ్లు ఎంతమందో అసలు చెప్పొద్దు. ఆమె తిట్టొచ్చు. చేట తీసుకుని లేచిపోవచ్చు. వారం మాట్లాడకపోవచ్చు. పోనీ.

తర్వాతెప్పుడో, మాటలు కలిసినాక, తాళాల సంగతి అడుగు. భాగానికి పనికొస్తుందని అడిగితే ఆమెకు ఇట్టే తెలిసిపోతుంది, ఆ వయసులో మనుషులు గొంతు విని కనిపెడతారు. ఆమె చెప్పేటప్పుడు ఫోన్ వేరే గదిలో పెట్టు. చెప్పింది రాయాలనిపించినా కొన్నాళ్లు ఆగు, రాయకుండా నీ దగ్గరే ఉంచుకున్నా నష్టం లేదు. నేను రాయకుండా ఉంచుకున్నవి చాలానే ఉన్నాయి, వాటివల్ల నా నవలలకేమీ తక్కువ కాలేదు.

కలం పేరు పెట్టుకోవచ్చు. ఒకప్పుడు ఆడవాళ్ల నవలలకు ఎంత గిరాకీ ఉండేదంటే మగవాళ్లు ఆడపేర్లు పెట్టుకుని రాసేవాళ్లు, నువ్వు పెట్టుకుంటే వింతేముంది. ఇంటి గొడవకు మాత్రం అది మందు కాదు, మీ ఇంట్లో అందరికీ తెలిసిపోయింది. కానీ స్కూల్లో పనిచేస్తున్నావు, మేనేజిమెంటు, పిల్లల తల్లిదండ్రులు నీ సీరియల్ గురించి మాట్లాడుకోకుండా ఉండటానికి పనికొస్తుంది. యాప్‌లో పైకి కనబడే పేరు ఏదైనా, డబ్బు పడే బ్యాంకు ఖాతా, పాన్ కార్డు అసలు పేరు మీదే ఇవ్వు, లేకపోతే రావలసిన రూపాయి కోసం నెలల తరబడి మెయిళ్లు పెట్టుకోవాలి. పేరు ఖాయం చేసుకునే ముందు ఆ పేరుతో ఇంకెవరైనా రాస్తున్నారేమో ఒకసారి వెతికి చూడు. మొన్న నేను చూసినప్పుడు అక్కడ ఏ మూల చూసినా వెన్నెలలే ఉన్నాయి.